చిలుకను ఇంటికి తెచ్చే ముందు: సన్నాహంలోని నైతిక ప్రశ్న

చిలుకను పెంచుకోవాలన్న కోరిక కలిగిన ఇంటికి మొదట వచ్చేది పంజరం. చిలుక ఆ తరువాతే వస్తుంది. వరండాలో ఏ కొక్కేనికి వేలాడదీయాలి, పిల్లికి అందకుండా ఎంత ఎత్తున ఉంచాలి, నీళ్ళ గిన్నె ఎటువైపు అమర్చాలి, ఏమని పేరు పెట్టాలి, మొదట ఏ మాట నేర్పాలి అన్న చర్చలు పక్షి రాకముందే ఆ ఇంట కాపురముంటాయి. ఆ చర్చల్లో పిల్లల ఉత్సాహం ఉంటుంది, పెద్దల లెక్క ఉంటుంది, ఒక ప్రాణి పట్ల నిజమైన ఆపేక్ష కూడా ఉంటుంది. లేనిదల్లా ఒకే ఒక ప్రశ్న: అసలు తేవచ్చునా? ఆ ప్రశ్న ఎప్పుడో తేలిపోయిందనీ, మిగిలినవన్నీ ఏర్పాట్లకు సంబంధించినవేననీ అనుకుంటూ సన్నాహం సాగిపోతుంది.

సన్నాహం అన్న మాట చరిత్రే ఇక్కడ కొంత ఉపకరిస్తుంది. కట్టడం అనే అర్థం గల ‘నహ్’ ధాతువు నుండి ఏర్పడిన ఈ సంస్కృత పదానికి కవచం బిగించుకోవడం, యుద్ధానికి ఆయత్తపడడం అన్న అర్థాలున్నాయి. ఆ అర్థంలో కట్టు తన ఒంటికి తాను వేసుకునేది. యోధుడు కవచం బిగించుకున్నట్లే, ఒక ప్రాణి భారాన్ని మోయబోయేవాడు ముందుగా తన కాలాన్ని, అలవాట్లను, ఇంటిని ఒక నియమానికి కట్టుకోవాలి. చిలుకను తెచ్చే ఇళ్ళలో ఈ అర్థం తలకిందులవుతుంది. బిగించేది పంజరపు తలుపు. బిగుసుకునేది పక్షి బతుకు. ఇంటివారి దినచర్యలో మాత్రం ఒక్క గంట కూడా మారదు.

సన్నాహానికి నైతిక విలువ రావాలంటే, అది ‘వద్దు’ అన్న నిర్ణయంతో ముగిసే అవకాశం చివరిదాకా మిగిలి ఉండాలన్నది ఈ వ్యాసం ప్రతిపాదన. ఆ అవకాశం లేని సన్నాహం ఎంత శ్రద్ధగా జరిగినా కొనుగోలులో ఒక భాగమే అవుతుంది. ఈ ప్రతిపాదనను పరీక్షించడానికి కావ్య పురాణ కథలను, చిలుక జీవన లక్షణాలను, నేటి చట్టాన్ని కలిపి చూడవలసి ఉంటుంది. వీటిలో ఏ ఒక్కటీ తనంతట తాను సమాధానం చెప్పదు.

కథల్లోని చిలుక

భారతీయ సాహిత్యంలో చిలుక ప్రధానంగా ఇంటి పక్షి. వాత్స్యాయనుని కామసూత్రాలు అరవైనాలుగు కళల్లో చిలుకలకు, గోరువంకలకు మాటలు నేర్పడాన్ని ఒకటిగా లెక్కించాయి. నాగరకుని ఇంటి అమరికలో పక్షుల పంజరాలకు, అతని మధ్యాహ్నపు కాలక్షేపంలో చిలుకలను పలికించడానికి స్థానం కల్పించాయి. మన్మథుని వాహనం చిలుక. ఆండాళ్ చేతిలోనూ, మధుర మీనాక్షి చేతిలోనూ చిలుకే. తెలుగు నుడికారంలోకి వస్తే ఈ చనువు మరీ ఎక్కువ. పంచదార చిలకలు, తమలపాకు చిలకలు, చిలకకొట్టుడు జామపండు, చిలకాగోరింకల కాపురం, చిలక జోస్యం, చివరకు చొక్కా తగిలించే చిలకకొయ్య కూడా. చిలుకను తేవచ్చునా అన్న ప్రశ్న తెలుగు ఇంట సులభంగా పుట్టకపోవడానికి ఈ చనువు ఒక కారణం కావచ్చు. గోడకు దిగ్గొట్టిన కొయ్య రూపంలోనైనా అది ముందే ఇంట్లో ఉన్నది.

తెలుగులో పాలవేకరి కదిరీపతి రచించిన శుకసప్తతిని శృంగార కథాకావ్యంగా, నాటి సాంఘిక జీవితానికి సాక్ష్యంగా పరిశీలించడం పరిపాటి. ఆ కథాసంప్రదాయపు మూల చట్రంలోని ఒక వైచిత్రి మీద మాత్రం దృష్టి తక్కువగా పడింది. భర్త దూరదేశం వెళ్ళిన ఇంట, ఇల్లాలు గడప దాటకుండా రాత్రి తరువాత రాత్రి కథలతో ఆపేది చిలుక. తాను గడప దాటే వీలు లేని ప్రాణి మరొకరి గడపకు కాపలా కాస్తున్నది. చిలుక బుద్ధిని మెచ్చుకున్న కథకులు దాని బందీతనాన్ని కథకు ఒక వసతిగా మాత్రమే వాడుకున్నారు.

అయితే ఇదే సంప్రదాయంలో చిలుకను పట్టి ఉంచడం గురించి వేరే విధంగా ఆలోచించిన కథలు రెండు ఉన్నాయి. మొదటిది పద్మపురాణం పాతాళఖండంలోనిది. బాల్యంలో సీత ఉద్యానవనంలో ఒక చిలుకల జంట రామకథ చెప్పుకుంటూ ఉండగా వింటుంది. వాల్మీకి ఆశ్రమంలో అవి విన్న కథ అది. జరగబోయే తన కథనే పక్షుల నోట విన్న సీత వాటిని పట్టించి, తన ఇంట సుఖంగా ఉండమంటుంది. ఆడచిలుక గర్భవతి. వనంలో తిరిగే పక్షులకు ఇళ్ళలో సుఖముండదని చెప్పి, విడిచిపెట్టమని వేడుకుంటుంది. సీత అంగీకరించదు. గర్భవతివై ఉండగానే నీవూ భర్తకు దూరమవుతావని శపించి ఆ పక్షి ప్రాణం విడుస్తుంది. మగచిలుక మరుజన్మలో అయోధ్యలో రజకుడై పుట్టి సీతపై అపవాదు పలుకుతుంది.

ఈ కథను ఉత్తరకాండలోని సీతాపరిత్యాగానికి పౌరాణికులు కల్పించిన కారణంగా చదవడం సులభం. భర్త చేసిన అన్యాయానికి భార్య బాల్యచేష్టను కారణంగా చూపే ధోరణి ఇందులో ఉన్నదన్న విమర్శ కూడా సమంజసమే. అయినా, ఆ కారణకల్పనను పక్కన పెట్టి చూస్తే, కథ నడుమ జరిగిన సంభాషణ మిగులుతుంది. సీతలో క్రూరత్వం లేదు. ఆమె పక్షులకు ఇవ్వజూపినవి మంచి తిండి, రక్షణ, ఆదరణ. నేటి పెంపకందారు సిద్ధం చేసుకునేవి కూడా ఇవే. అంటే ఏర్పాట్లలో లోటు లేదు. పక్షి తన అభిప్రాయాన్ని మనుష్యభాషలో, సందేహానికి తావు లేకుండా చెప్పింది. సీతకు అర్థమైంది కూడా. లోపమంతా ఆ సంభాషణ స్వభావంలో ఉంది. ‘ఉంటావా?’ అన్న ప్రశ్నకు ‘ఉంటాను’ అన్న ఒక్క జవాబుకే అక్కడ చోటుంది. నిజజీవితంలో చిలుక ఇంత స్పష్టంగా మాట్లాడలేదు. కనుక దాని తరఫున ‘వద్దు’ అనగలిగినవాడు, ఆ మాటను విని ఆగిపోగలిగినవాడు కూడా తెచ్చేవాడే. ఇద్దరి పాత్రలనూ ఒక్కడే నిర్వహించవలసి రావడంలోనే సన్నాహపు కష్టమంతా ఉంది.

రెండవ కథ తెలుగువారికి మరింత దగ్గరిది. భద్రాచల రామదాసుగా ప్రసిద్ధుడైన కంచర్ల గోపన్న, ప్రభుత్వానికి చేరవలసిన పన్ను సొమ్మును రామాలయ నిర్మాణానికి వెచ్చించిన కారణంగా తానీషా కాలంలో గోల్కొండ కోటలో బందీ అయ్యాడు. ఆ ఖైదు 12 ఏళ్ళు సాగిందనీ, పూర్వజన్మలో ఒక చిలుకను 12 రోజులు పంజరంలో ఉంచిన దోషమే అందుకు మూలమనీ జనశ్రుతి. ఖైదును కర్మఫలంగా వివరిస్తే రాజ్యాధికారాన్ని గాని, ప్రజల సొమ్ము వినియోగాన్ని గాని విచారించవలసిన అవసరం తప్పిపోతుంది. ఆ మేరకు ఈ కథ చరిత్రకు మేలు చేయదు. నీతివిచారణకు మాత్రం అది ఒక అరుదైన కొలతను ఇస్తున్నది. ఒక రోజుకు ఒక ఏడాది చొప్పున వేసిన లెక్క అది. బందీ కాలాన్ని బంధించినవాడి గడియారంతో కొలవరాదని ఆ లెక్క చెబుతున్నది. 12 రోజులంటే పెంచుకున్నవానికి ఒక ముచ్చట; లోపల ఉన్న ప్రాణికి దాని పరిమాణం వేరు. పైగా, చిలుకను ముద్దుగా చూసుకున్నాడన్నది ఇక్కడ ప్రతివాదంగా చెల్లలేదు. పరమభక్తుడైనా ఆ బాకీ మాఫీ కాలేదు.

ఈ రెండు కథల్లోనూ తప్పు చేసినవారు ఉత్తములు, చేసిన పనికి ప్రేరణ ఇష్టం. చిలుకను హింసించిన దుర్మార్గుని కథ చెప్పడం ఎవరికైనా తేలిక. సంప్రదాయం ఆ తేలికైన కథను ఎన్నుకోకపోవడం గమనించదగినది.

పంజరం వెనుక చేతులు

ఇష్టం వల్ల జరిగే హింసను నిర్వచించడానికి అవసరమైన పరిభాష పతంజలి యోగసూత్రాలలో ఉంది. హింస వంటి వితర్కాలను అవి స్వయంగా చేసినవి, చేయించినవి, ఆమోదించినవి అని మూడు విధాలుగా విభజించాయి. వాటి మూలాలుగా లోభం, క్రోధం, మోహం అనే మూడింటిని పేర్కొన్నాయి. చిలుకను పట్టేవానిది లోభమనుకుంటే, కొనేవానిది మోహం. పట్టేవాడు చేసినది కృతం. బజారులో ధర అడిగేవాడు దానిని కారితం చేస్తున్నాడు. ఆ పక్షిని చూడవచ్చి మురిసిపోయే బంధువులది అనుమోదితం. వరండాలోని పంజరం వెనుక ఇన్ని చేతులు ఉన్నాయన్న స్పృహ కలగకుండా ఏర్పాట్లు మాత్రమే చేసుకుంటూ పోవడం సాధ్యమే; సాధారణంగా జరిగేదీ అదే.

ఆ చేతుల్లో ఒకదాన్ని బాణభట్టు కాదంబరిలో దగ్గరగా చూపాడు. మాతంగకన్య బంగారు పంజరంలో తెచ్చిన వైశంపాయనుడనే చిలుక శూద్రక మహారాజు సభలో కుడికాలు ఎత్తి శ్లోకం చదువుతుంది. సభ ఆశ్చర్యపోతుంది. రాజు ఆ తరువాత పక్షిని దాని పుట్టుక గురించి, పంజరంలోకి వచ్చిన విధం గురించి అడుగుతాడు. అప్పుడు వినిపించేది పంపాసరస్సు దగ్గరి బూరుగుచెట్టు కథ. వేటసేన దాటిపోయాక వెనుకబడిన ఒక వృద్ధ శబరుడు ఆ చెట్టెక్కి, ఇంకా ఎగరలేని పిల్లలను గూళ్ళలోంచి ఒక్కొక్కటిగా తీసి, చంపి నేలకు విసురుతాడు. రెక్కల కింద పిల్లను దాచుకున్న ముసలి తండ్రి కూడా చనిపోతాడు. ఎండుటాకుల కుప్ప మీద పడిన ఆ పిల్ల ఒక్కటే మిగులుతుంది.

ఇందులో రెండు విషయాలు విడదీసి చూడాలి. సభలో అద్భుతంగా ఉన్న పలుకు వెనుక ఒక చెట్టు మొత్తం ఖాళీ అయిందన్న సత్యాన్ని బాణుడు దాచలేదు. అడిగితే గాని ఆ సత్యం బయటపడదని కూడా చూపాడు. అయితే హింసను పూర్తిగా శబరుని చేతిలో పెట్టి, ఆశ్చర్యాన్ని, దయను రాజసభకు కేటాయించడంలో ఆ కావ్యపు వర్గదృష్టి ఉంది. నేటికీ పక్షులు పట్టేవాడు నిందను మోస్తాడు. కొన్నవారికి పక్షిప్రేమికులన్న పేరు వస్తుంది. చెట్టెక్కినవాని పేదరికం, కొన్నవాని మక్కువ కలిసి ఒకే వ్యవహారాన్ని నడుపుతున్నాయని అంగీకరించకపోతే, ఈ నింద పంపకం ఎప్పటికీ ఒకవైపే సాగుతుంది.

చట్టం ఈ విషయంలో కావ్యం కంటే స్పష్టంగా ఉంది. రామచిలుకతో సహా మన దేశపు చిలుక జాతులను పట్టడం, అమ్మడం, పంజరంలో ఉంచడం వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద నేరం. స్వదేశీ పక్షుల వ్యాపారం 1990-91 నుండి పూర్తి నిషేధంలో ఉంది. ఎన్నో ఇళ్ళలో తరతరాలుగా కనిపించే పచ్చని చిలుక, చట్టం దృష్టిలో అక్కడ ఉండరానిది. ఈ సంగతి తెలియనివారు చాలామంది. తెలిసీ జామచెట్టు మీద వాలే చిలుకే కదా అని తేలికగా తీసుకునేవారు కొందరు. 2015లో ఢిల్లీ హైకోర్టు ఒక ఉత్తర్వులో పక్షులకు ఎగిరే హక్కు ఉన్నదనీ, వ్యాపారం కోసం వాటిని చిన్న పంజరాల్లో నిర్బంధించే హక్కు మనుషులకు లేదనీ అభిప్రాయపడింది. చట్టబద్ధంగా తెచ్చుకోదలచినవారికి మిగిలేవి విదేశీ జాతులు: బడ్జెరిగార్లు (తెలుగు పట్టణాల్లో వీటినే లవ్‌బర్డ్స్ అంటారు, అసలు లవ్‌బర్డ్స్ ఆఫ్రికాకు చెందిన వేరే పక్షులు), కాకటీల్, గ్రే చిలుక, మకావ్ వంటివి. ఆఫ్రికా గ్రే చిలుకకు 2016లో జొహానెస్‌బర్గ్ సమావేశంలో సైటీస్ ఒప్పందపు మొదటి అనుబంధంలో, అంటే అత్యంత కట్టుదిట్టమైన రక్షణ గల జాబితాలో చోటు దక్కింది. అడవుల్లో దాని సంఖ్యను తగ్గించిన కారణాల్లో పెంపకం కోసం జరిగిన వ్యాపారం ముఖ్యమైనది. సైటీస్ అనుబంధాల్లోని జీవాలను పెంచేవారు ‘పరివేష్’ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలని మన దేశంలో 2024 నియమాలు చెబుతున్నాయి. నమోదు పత్రం పక్షి పుట్టుకకు కొంత జవాబు చెబుతుంది. శూద్రకుడు అడిగిన ప్రశ్నకు పూర్తి జవాబు కావాలంటే, అమ్మేవానిని అదే ప్రశ్న అడిగి, నమ్మదగిన జవాబు రాకపోతే వెనుదిరగవలసి ఉంటుంది.

ఇంటిని పరీక్షించడం

పక్షి పుట్టుక గురించిన సందేహాలు తీరాయనుకున్నా, సన్నాహం అక్కడితో పూర్తి కాదు. ఇప్పుడు పరీక్షకు నిలబడవలసినది ఇల్లు. నిపుణులు చెప్పే జాగ్రత్తలు చాలావరకు చిన్నవిగా కనిపిస్తాయి. వాటిని ఒక తెలుగు ఇంటి మధ్యన పెట్టి చూస్తే అవి ఎంత పెద్దవో తెలుస్తుంది.

వంటగది నుండే మొదలుపెట్టవచ్చు. నాన్‌స్టిక్ పెనం అతిగా వేడెక్కితే దాని పూత నుండి వెలువడే వాయువు మనుషులకు తెలియకముందే పక్షిని చంపగలదు. పక్షి ఊపిరితిత్తుల్లో గాలి ఒకే దిశగా, గాలిసంచుల సాయంతో నిరంతరం ప్రవహిస్తుంది. ఎగరడానికి కావలసిన ప్రాణవాయువును సమర్థంగా గ్రహించే ఆ ఏర్పాటే విషాన్ని కూడా అంతే సమర్థంగా గ్రహిస్తుంది. దోసెల పెనం మార్చడం తేలికే. పూజగదిలోని అగరుబత్తి, శుక్రవారపు సాంబ్రాణి, సాయంత్రపు దోమల కాయిల్ మాటేమిటి? ఆ పొగలన్నీ పక్షి ఊపిరికి చెరుపే. ఇంటిల్లిపాదీ ఈ అలవాట్లను మార్చుకుంటారా అన్న ప్రశ్నకు ఇంట్లోని పెద్దావిడ అంగీకారం కావాలి. పంజరం కొన్నవారు ఆమెను అడిగి ఉండకపోవచ్చు. హాలులో తిరిగే సీలింగ్ ఫ్యాను పంజరం బయటికి వచ్చిన పక్షికి ప్రాణాంతకం. హైదరాబాదు, విజయవాడ వేసవుల్లో ఫ్యాను ఆపడమన్నది చిన్న త్యాగం కాదు. చిలుకకు రోజూ 10 నుండి 12 గంటల చీకటి, నిశ్శబ్దం కావాలి. రాత్రి పొద్దుపోయేదాకా టీవీ మోగే గదిలోనే పంజరం పెట్టాలని నిశ్చయించిన ఇంట ఆ నిద్ర సాధ్యపడదు.

తిండి విషయంలో అనాది అలవాట్లకు, అవసరానికి మధ్య దూరం ఎక్కువ. పొద్దుతిరుగుడు గింజలు చిలుకకు ప్రీతి. కేవలం వాటి మీద పెరిగిన పక్షి కొవ్వెక్కి, ‘ఎ’ విటమిన్ లోపించి జబ్బుపడుతుంది. ఆకుకూరలు, కూరగాయలు, పండ్లు రోజూ ఉండాలి. అవకాడో, చాక్లెట్, కాఫీ విషతుల్యాలు. ఉప్పు తగలని ఆహారం వేరుగా సిద్ధం చేయాలి. పచ్చిమిరపకాయ పెడితే చిలుక ఇష్టంగా తినడం అందరూ చూసినదే. మిరప కారాన్ని పక్షుల నాడీవ్యవస్థ గుర్తించదు కనుక అందులో దానికి సాహసమేమీ లేదు, ఆశ్చర్యమంతా చూసేవారిదే. వాలడానికి నున్నటి ఒకే లావు కర్ర ఇస్తే పాదాలకు పుండ్లు పడతాయి. వేప, జామ వంటి చెట్ల కొమ్మలు రకరకాల లావుల్లో ఉంటే మేలు. పంజరం రెండు రెక్కలూ పూర్తిగా చాచి విదిలించుకునేంత ఉండాలన్నది కనీస నియమం. బజారులో వేలాడే గుండ్రని ఇనుప పంజరాలు ఆ కనీసానికి కూడా చాలవు. జింకు పూత ఉన్న తీగలను కొరికితే విషం ఎక్కే ప్రమాదం అదనం.

వీటన్నిటి కంటే కఠినమైనది కాలానికి సంబంధించిన పరీక్ష. చిలుకలు గుంపుగా బతికే పక్షులు. రోజుకు ఎనిమిది గంటలు తాళం వేసి ఉండే అపార్ట్‌మెంటులో ఒంటరిగా కూర్చున్న చిలుక తన ఈకలను తానే పీక్కుంటుంది, ఆగకుండా అరుస్తుంది, ఒకే కదలికను గంటల కొద్దీ తిప్పి తిప్పి చేస్తుంది. పక్షి రోగాలు తెలిసిన పశువైద్యుడు ఊరిలో ఉన్నాడో లేడో ముందే కనుక్కోవాలి. ఎందుకంటే చిలుక జబ్బును చివరి దశదాకా దాచుకుంటుంది. ఇక ఆయుష్షు. బడ్జెరిగార్ 5 నుండి 10 ఏళ్ళు, కాకటీల్ 15 నుండి 20 ఏళ్ళు, గ్రే చిలుక 40 నుండి 60 ఏళ్ళు బతకవచ్చు. పదేళ్ళ పిల్లవాడి పుట్టినరోజు కానుకగా వచ్చిన గ్రే చిలుక అతని చదువు, ఉద్యోగం, పెళ్ళి, వలస అన్నిటినీ చూస్తుంది. అమెరికా వెళ్ళే కొడుకు దానిని తీసుకుపోలేడు. అప్పటికి అది తల్లిదండ్రుల వృద్ధాప్యపు బాధ్యత అవుతుంది. కోరింది ఒకరు, మోసేది మరొకరు కావడం తెలుగు ఇళ్ళలో పక్షులకే పరిమితమైన సంగతి కాదు గాని, ఇక్కడ దానిని ముందే లెక్కించడం సాధ్యం.

ఈ వివరాలను జాగ్రత్తల జాబితాగా చదివితే ఒక్కొక్కదాని పక్కన గుర్తు పెట్టుకుంటూ పోవచ్చు. అన్ని గుర్తులూ పడగానే పక్షిని తెచ్చే అర్హత వచ్చిందన్న నిశ్చింత కూడా కలుగుతుంది. వీటినే ప్రశ్నలుగా చదివితే ప్రతి వివరం దగ్గరా ఆగిపోయే వీలుంది. సాంబ్రాణి మానలేమని తేలడం సన్నాహపు వైఫల్యం కాదు. సన్నాహం తన పని తాను చేసిందనడానికి అదే నిదర్శనం.

పలుకు, పేరు

చిలుకను తేవాలన్న కోరికకు మూలం చాలావరకు దాని పలుకు. కుక్క విశ్వాసం కోసం, పిల్లి చెలిమి కోసం పెంచేవారున్నట్లే, చిలుకను మాట కోసం పెంచుతారు. ఆ మాట స్వభావం ఏమిటన్నది నైతికంగా కీలకమైన ప్రశ్న. అర్థం తెలియని వల్లింపును తెలుగులో ‘చిలక పలుకులు’ అంటారు. ఐరీన్ పెప్పర్‌బర్గ్ అనే శాస్త్రవేత్త 1977లో షికాగోలోని ఒక పెంపుడు జంతువుల దుకాణంలో కొన్న ఆలెక్స్ అనే గ్రే చిలుక, 2007లో మరణించేనాటికి వస్తువుల పేర్లను, రంగులను, ఆకారాలను, చిన్న సంఖ్యలను గుర్తించి చెప్పగలిగింది. ఆ సామర్థ్యాన్ని భాష అనవచ్చునా అన్న వాదం ఇంకా ఉంది. వట్టి వల్లింపు అనడానికి మాత్రం వీలు లేదు. నుడికారం ఒక ప్రాణికి చేసిన అన్యాయాల్లో ఇదొకటి.

స్వేచ్ఛగా ఉన్న చిలుకలు మనుషుల మాట పలకవు. వాటికి ఆ అవసరం లేదు. అవి నేర్చుకునేది గుంపు పిలుపులను. విడిపోయినప్పుడు ఒకదానినొకటి కలుసుకోవడానికి, జత జతను గుర్తించడానికి పనికొచ్చే ధ్వనులను. వెనిజులాలో ఒక చిన్న చిలుక జాతిపై జరిగిన పరిశోధన, గూటిలోని పిల్లలు ఒక్కొక్కటీ తనదైన పిలుపును తల్లిదండ్రుల నుండి నేర్చుకుంటున్నట్లు చూపింది. అది పేరు వంటిది. పంజరపు చిలుక ఆ నేర్చుకునే శక్తినే మన మీద ప్రయోగిస్తుంది; ఎందుకంటే దానికి అందుబాటులో ఉన్న గుంపు మనమే. వచ్చినవారిని అది ‘రండి’ అని పిలిచినప్పుడు ఇంటివారు దానిని సంతోషానికి గుర్తుగా భావిస్తారు. అది చేరుకోవాలనుకుంటున్న గుంపు కోసం వేసిన పిలుపు అని భావించడానికి కూడా అంతే ఆధారం ఉంది. ఈ రెండు అర్థాల మధ్య నిర్ణయించగల స్థానంలో విన్నవారు లేరు. మొదటి అర్థాన్నే ఎంచుకోవడంలో వారి ప్రయోజనం మాత్రం స్పష్టంగా ఉంది.

పక్షి రాకముందే పేరు పెట్టుకునే ముచ్చటను కూడా ఈ వెలుగులో చూడవలసి ఉంటుంది. చెట్టు తొర్రలోంచి తీసిన పిల్ల విషయంలో, పెట్టబోతున్న పేరు దానికి రెండవ పేరు కావచ్చు.

పంజరంలోనే పుట్టిన పక్షి

ఈ వాదానికి ఎదురయ్యే బలమైన అభ్యంతరం ఒకటి ఉంది. బజారులోని బడ్జెరిగార్ ఆస్ట్రేలియా మైదానాలను ఎన్నడూ చూడలేదు. దాని తల్లి చూడలేదు, తల్లి తల్లి చూడలేదు. పోగొట్టుకోని స్వేచ్ఛను హరించడం ఎలా? కొనేవారే లేకపోతే ఆ పక్షి పుట్టేదే కాదు కనుక, దానికి జరిగినది మేలే కదా?

ఈ వాదంలో సగం నిజం. పంజరంలో పుట్టిన పక్షికి అడవి జ్ఞాపకం ఉండదు. కానీ రెక్కకు జ్ఞాపకం అవసరం లేదు. ఎగరడానికి తయారైన ఛాతీ కండరాలు, గుంపును వెదికే స్వభావం, కొరికి విప్పి చూడాలనే ముక్కు దానితోనే పుడతాయి. బతుకును ఇచ్చాం కనుక ఆ బతుకు ఎలా ఉన్నా సరేననడం పిల్లల విషయంలో ఏ తల్లిదండ్రులకూ చెల్లని వాదన. పక్షి విషయంలో అది ఎందుకు చెల్లుతుందో చెప్పవలసిన భారం ఆ వాదన చేసేవారిదే. పిల్లలకు దయ అలవడుతుందని పక్షిని తెచ్చే తల్లిదండ్రుల తర్కం మరొకటి. జంతువుల పట్ల క్రూరత్వం మనుషుల పట్ల కూడా మనసును మొద్దుబారుస్తుందని కాంట్ వాదించాడు. అతని దృష్టిలో జంతువుల పట్ల మన కర్తవ్యం చివరికి మనుషుల కోసమే. చిలుకను దయకు పాఠ్యపుస్తకంగా తేవడం ఆ ఆలోచనకు ఇంటి రూపం. ఆ పాఠంలో పిల్లవాడు నేర్చుకునేది దయా, లేక ఇష్టమైనదాన్ని తలుపు మూసి ఉంచుకోవచ్చునన్న అనుమతా అన్నది పంజరం పరిమాణాన్ని, తలుపు తెరిచే వేళలను బట్టి ఉంటుంది. బాధపడగలదా అన్నదే అసలు ప్రశ్న అని బెంథామ్ అడిగిన తీరు ఇక్కడ మరింత ఉపయోగకరం. దానికి జవాబు ఈకలు రాలిన ఛాతీ మీద ఎవరికైనా కనిపిస్తుంది.

అభ్యంతరంలోని మిగిలిన సగం నిజాన్ని కూడా వదలరాదు. ఇప్పటికే ఉన్న పక్షులు ఎక్కడికి పోవాలి? ‘స్వేచ్ఛ’ ఇవ్వాలన్న ఆవేశంలో పంజరపు బడ్జెరిగార్‌ను మేడ మీది నుండి వదిలేవారున్నారు. మేత వెదకడం తెలియని ఆ పక్షి కాకులకు, గద్దలకు, ఎండకు చిక్కుతుంది. అది విముక్తి కాదు, బాధ్యత వదిలించుకోవడం. ఇంట్లో ఉన్నది స్వదేశీ చిలుక అయితే అటవీశాఖకు అప్పగించడమే మార్గం. రెక్కలు కత్తిరించిన జోస్యపు చిలుకలకు కూడా ఈకలు మళ్ళీ మొలిచి, కండ బలపడేదాకా సంరక్షణ అవసరం. విదేశీ జాతుల విషయంలో, యజమాని చనిపోయో, ఊరు మారో, విసిగిపోయో వదిలిన పక్షులకు మరో ఇల్లు కావాలి.

అటువంటి పక్షిని తెచ్చుకునే ఇంట్లో ప్రశ్న రూపం మారుతుంది. అక్కడ ‘తేవచ్చునా’ అన్నదానితో పాటు ‘తేకపోతే దానికి ఏమవుతుంది’ అన్నది కూడా త్రాసులో పడుతుంది. ఆ పక్షి మొదటి ఇంటి మాటలు పలుకుతుంది; చనిపోయిన మనిషి గొంతుతో ఎవరినో పేరు పెట్టి పిలవవచ్చు. మాట నేర్పాలన్న ముచ్చట అక్కడ ఉండదు, వినడమే మిగులుతుంది. చేతికి రావడానికి నెలలు పట్టవచ్చు, రాకపోవచ్చు కూడా. ఇంట్లో వేరే పక్షులుంటే కనీసం నెల రోజులు విడి గదిలో ఉంచి, మనుషులకు కూడా సోకే సిట్టకోసిస్ వంటి జబ్బులు లేవని వైద్యునితో నిర్ధారించుకోవాలి. కిటికీలకు జాలీ వేయించి, ఫ్యాను ఆపి, రోజుకు కొన్ని గంటలు గది మొత్తాన్ని దానికి వదిలేయగలిగితే పంజరం నిద్రపోయే చోటు మాత్రమే అవుతుంది. ఆ గదిని ఎవరు వదులుకుంటారో ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి. యాభై ఏళ్ళ వ్యక్తి ఇరవై ఏళ్ళ గ్రే చిలుకను స్వీకరిస్తుంటే, ఆ పక్షికి తరువాతి ఇల్లు ఎవరిదన్నది కూడా ఆ రోజే, ఆ ఇంటివారి సమ్మతితో, కాగితం మీద రాసి ఉంచవలసిన విషయం.